అయాంతు వాళ్లమ్మ కబురు

దోసెకైతే పెనం మధ్యలో పిండి పోసి బయటికి తిప్పుకుంటూ పోతాం. ఇథియోపియా వాళ్ల అట్టు ఇంజెరాకు అంచు దగ్గర మొదలుపెట్టి లోపలికి తిప్పుకుంటూ రావాలి. పైగా తిరగెయ్యకూడదు. మూత పెట్టి, ఒళ్లంతా కళ్లు పడ్డాక తీసి పరిచెయ్యాలి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి దోసెలు పోసిన చెయ్యి ఈ ఎదురు తిప్పుడుకు ఒప్పుకునేసరికి హుస్సేనమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు పరవాలేదు. అయాంతు తిని, అచ్చం మా ఊళ్లో లాగే ఉంది ఖాలా అంటుంది, పిన్నిని పిలిచినట్టు. అంత నమ్మకంగా అబద్ధమాడే పిల్లను హుస్సేనమ్మ ఇంకొకతెను చూడలేదు.

దుబాయ్ పక్కన అజ్మాన్‌లో ఒక అథ్లెటిక్స్ క్లబ్బు అద్దెకు తీసుకున్న విల్లా అది. పరుగు పందేల ఆడపిల్లలు నలుగురు ఉంటారు, నలుగురూ ఆఫ్రికా నుంచి తెచ్చినవాళ్లే. మిగిలిన ముగ్గురూ శిక్షణకని మొరాకో వెళ్లడంతో ఇప్పుడు ఇథియోపియా పిల్ల అయాంతు ఒక్కతే మిగిలింది. కాగితాల మీద ఆమె పేరు నూరా. దేశంతో పాటు పేరూ మార్చారు. క్లబ్బులో అందరూ నూరా అంటారు. వంటింట్లో మాత్రం అయాంతే.

హుస్సేనమ్మ రాయచోటి నుంచి ఈ దేశానికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఎందరి పిల్లల్ని ఎత్తుకు తిప్పిందో, ఎన్ని ఇళ్ల మెట్లు కడిగిందో. ఈనాటికీ వీసా గడువు ముగిసినప్పుడల్లా రక్తపరీక్షకు చెయ్యి చాపి వరసలో నిలబడాల్సిందే. ఈ పిల్లేమో గుండ్రంగా నాలుగు చుట్లు పరిగెత్తి ఏకంగా పాస్‌పోర్టే తెచ్చుకుంది. కొత్తలో ఈ సంగతి హుస్సేనమ్మకు మింగుడు పడలేదు. అసూయే, ఇంకో పేరు పెట్టక్కర్లేదు. కూరలో కారం ఒక గుప్పెడు ఎక్కువ వేసిన రోజులు కూడా ఉన్నాయి. ఆ పిల్ల కళ్లనీళ్లు తుడుచుకుంటూ అదీ తిని, బాగుందనే అంది. ఆ తర్వాత అసూయ ఎక్కువ కాలం నిలవలేదు.

ఆదివారం పొద్దున అయాంతు పరుగు ముగించుకుని వచ్చి వంటింటి గడపలో కూర్చుని బూట్లు విప్పుకుంటోంది. ఇద్దరి మధ్యా నడిచేది అరబీ. ఒకరిది షేకుల ఇళ్లలో పనిచేస్తూ నేర్చింది, ఇంకొకరిది మైదానంలో తిట్లు తింటూ నేర్చింది. రెండూ అంతంతమాత్రమే, అయినా పని జరిగిపోయేది.

“గురువారం పందెం మా ఊళ్లో కనిపిస్తుందంటావా ఖాలా?”

“యేమి కనపడకుండా. టీవీలో రాకపోతే ఫోన్లో వస్తాది. యెవరు చూడల్ల?”

“ఆయ్యో.”

ఆయ్యో అంటే వాళ్ల భాషలో అమ్మ. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు పిల్ల ఏం పోగొట్టుకుందోనని హుస్సేనమ్మ హడలిపోయింది.

ఆ తల్లి అయాంతుతో మాట్లాడి మూడేళ్లవుతోంది. సొంతగడ్డ రంగులు విప్పేసి ఇంకొకళ్లవి తొడుక్కుంటావా, నాయనమ్మ పెట్టిన పేరు చెరిపేసి ఇంకొకళ్లు పెట్టింది చెప్పుకుంటావా అని ఒక రోజంతా తిట్టింది. ఆ తర్వాత తిట్టడం కూడా మానేసింది. అన్న ఫోన్ చేసినప్పుడు వెనకాల గిన్నెల చప్పుడు వినిపిస్తుంది. తల్లి గొంతు కింద అయాంతు దాన్నే లెక్కేసుకుంటుంది.

“ఆమె కోపంలో తప్పేముంది?” అంది అయాంతు, బూటులోంచి ఇసుక దులుపుతూ. “దేశం మారితే మూడేళ్లు ఎవరి తరఫునా పరిగెత్తకూడదని రూలు. పాతవాళ్లకి కాదు, కొత్తవాళ్లకి కాదు. ఊరికే కూర్చోవడానికా దేశాన్ని వదిలావు అని అన్నతో అన్నదట. గురువారం పరిగెడతాను కదా. మొదటి ముగ్గురిలో వస్తే ఆసియా పోటీలకు పంపుతారు. అప్పుడు మాట్లాడుతుంది.”

“రాకపోతే?”

“రాకపోతే క్లబ్బుతో ఒప్పందం ఖలాస్,” అని నవ్వి, గడపకు అంటిన ఇసుకను అరచేత్తో బయటికి తుడిచింది.

సోమవారం మధ్యాహ్నం భార్గవ్ వచ్చాడు. క్లబ్బు ఆఫీసులో ఈ పిల్లల వీసాలూ టికెట్లూ చూసేది అతనే. కాకినాడ వైపు మనిషి, నెమ్మదస్తుడు. పోటీ ఉన్న వారంలో పిల్లల ఫోన్లు ముదీర్ అని పిలిచే మేనేజరు ఆజ్ఞ మీద ఆఫీసు బీరువాలో పెడతారు, వాటి తాళం కూడా ఇతని దగ్గరే. అతను రావడం రావడమే వంటింటి తలుపు దగ్గరగా వేశాడు.

“అమ్మాయి ఎక్కడుందండీ హుస్సేనమ్మ గారూ?”

“పైన పండుకోనుండాది సార్. యేమి?”

“వాళ్లన్నయ్య ఆఫీసుకి ఫోన్ చేశాడు. వాళ్లమ్మగారు ఆసుపత్రిలో ఉన్నారట. కూతురితో మాట్లాడాలని అడుగుతున్నారట.”

హుస్సేనమ్మ చేతిలో గరిటె గిన్నె మీద అలాగే ఆగిపోయింది. పొయ్యి కట్టేసింది.

“యెప్పుడు పోయిందంట?”

“పోవడం ఏంటండీ? ఆసుపత్రిలో ఉన్నారన్నాడు, అంతే.”

“మూడేండ్లు మాట్లాడని మనిషికి ఉన్నట్టుండి ఇప్పుడు మాట్లాడాలని పుట్టిందా సార్? ఇట్లాంటియి మనోళ్లు యెట్ల చెప్తారో నీకు మాత్రం తెలీదా?”

భార్గవ్ ఏదో అనబోయి, ముక్కాలి పీట లాక్కుని కూర్చున్నాడు.

దుబాయ్‌లో బతికే మనవాళ్లకు చావు కబురు చావు కబురులాగా రాదు. జ్వరమంటారు. కొంచెం నలతగా ఉందంటారు. ఒక్కసారి నిన్ను చూడాలంటోంది, వచ్చిపో అంటారు. విమానంలో ఒంటరిగా వచ్చే మనిషి దారిలో ఏమైపోతాడోనని వాళ్ల భయం. అందులో ప్రేమే ఉంటుంది, కాదనలేం. హుస్సేనమ్మకు కూడా తల్లికి జ్వరమనే మేనమామ చెప్పాడు. మద్రాసు ఎయిర్‌పోర్టు నుంచి జీపులో వస్తుంటే మేనమామ దారి పొడుగునా వానల గురించి, వేరుశనగ గురించి మాట్లాడాడు. రాయచోటి చేరేసరికి సమాధి మీద మట్టి కూడా ఎండిపోయింది. ఆ మేనమామతో ఆమె మళ్లీ సరిగా మాట్లాడలేదు.

“మా నాన్నగారప్పుడు బాత్రూంలో కాలు జారిందని చెప్పారండీ,” అన్నాడు భార్గవ్. “నేను దుబాయ్ అంతా తిరిగి మంచి చేతికర్ర కొనుక్కెళ్లాను.”

ఆ తర్వాత అన్ని సంగతులూ మెల్లిగా సరిపోల్చుకున్నారు. అన్న గొంతు తొందరగా ఉందని భార్గవ్‌కు గుర్తొచ్చింది. ఏ జబ్బో ఎందుకు చెప్పలేదని హుస్సేనమ్మ అడిగింది. అడిగి ఉంటే చెప్పేవాడేమో, భార్గవ్ అడగలేదు. మర్యాద కాదనుకున్నాడు. ఆ విధంగా, ఎన్నడూ చూడని ఒక ఆడమనిషి పోయిందని అజ్మాన్ వంటింట్లో ఇద్దరూ కలిసి తేల్చేశారు. హుస్సేనమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది కూడా.

“ముదీర్‌తో మాట్లాడాను. గురువారం పందెం అయ్యేదాకా ఫోన్ ఇవ్వడానికి వీల్లేదన్నాడు,” అన్నాడు భార్గవ్. “మీరు నోరు జారకండి. ఆ పిల్ల మీ ఫోన్ అడిగితే ఇవ్వకుండా ఉంటారనే ముందుగా చెప్తున్నాను.”

“చెప్పకుంటే పాపం సార్ అది.”

“చెబితే మాత్రం ఏమొస్తుందండీ? అక్కడ జరగాల్సింది జరిగిపోయుంటుంది. ఇప్పుడు చెబితే ఇక్కడిది కూడా పోతుంది.”

మూడేళ్లు ఈ ఒక్క రోజు కోసం ఎండలో ఎండిన పిల్ల. హుస్సేనమ్మ నోరు మూసుకుంది.

మంగళవారం నోరు మూసుకోవడం అంత తేలిక కాదని తెలిసింది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. అయాంతు ఎదురుపడితే ఫ్రిజ్ తలుపు తీసి అందులో తలపెట్టింది. సాయంత్రం కొత్త బనియన్ వచ్చింది, గుండెల మీద ఈ దేశం జెండాతో. కొత్త గుడ్డ ఒరుసుకుంటుందని హుస్సేనమ్మ దాన్ని చేత్తోనే గోరువెచ్చని నీళ్లలో ఉతికి, నీడలో ఆరేసి, తిరగేసి ఇస్త్రీ చేసింది. అయాంతు తొడుక్కుని వంటింట్లోకి వచ్చి నిలబడింది.

“నీ ఫోన్లో ఒక ఫొటో తియ్యి ఖాలా. గురువారం నా ఫోన్ వచ్చాక అన్నకి పంపుతాను. పందెంలో దూరంగా కనిపిస్తే ఆయ్యో గుర్తుపడుతుందో లేదో. దగ్గరగా తియ్యి.”

హుస్సేనమ్మ ఫోన్ పైకెత్తింది. తెరలో పిల్ల నవ్వుతోంది, ఆ ఫొటో చూసే తల్లి కళ్లు ఇక లేవని తెలియక. ఫొటో అదిరిపోయి వచ్చింది. రెండోది కూడా అంతే.

“నీ చేతులు వణుకుతున్నాయి,” అంది అయాంతు.

“ముసిలిదాన్ని కదా,” అంది హుస్సేనమ్మ. మూడోది తియ్యకుండానే ఫోన్ బొడ్లో దోపుకుని పోయింది. ఆ రోజే మనసులో తీర్మానం చేసుకుంది. మేనమామ తనకు చేసిన పని తాను ఇంకొకరి బిడ్డకు చెయ్యదు. ఉద్యోగం పోతే పోయింది.

బుధవారం పొద్దున పెరట్లో అయాంతు ఐసు నీళ్ల తొట్టిలో మోకాళ్ల దాకా కాళ్లు పెట్టి కూర్చుని ఉంది. హుస్సేనమ్మ వెళ్లి పక్కనే గట్టు మీద కూర్చుంది. ఆ వేళప్పుడు ఆమె ఎన్నడూ వంటిల్లు వదిలి రాదు. ఏం చెప్పాలో రాత్రంతా అనుకుంది. చెప్పబోయేసరికి ఆ మాట నోటికి రాలేదు. తీరా వచ్చింది ఇంకొకటి, తన మేనమామ నోట్లోంచి వచ్చినట్టి మాటే.

“మీ అమ్మకు ఒంట్లో బాగలేదంట. ఆస్పత్రిలో ఉండాదంట. నీతో మాట్లాడల్ల అంటాందంట.”

ఐసు ముక్కలు ఒకదానికొకటి తగులుతున్నాయి.

“ఎవరు చెప్పారు?”

“మీ యన్న. ఆఫీసుకు చేసినాడంట, సోమవారం.”

“ఏడ్చాడా?”

“నాకు తెలీదు బిడ్డా.”

అయాంతు తల ఊపింది. తొట్టిలోంచి ఒక ఐసు ముక్క తీసి అరచేతిలో పట్టుకుంది.

“మా ఊళ్లో కూడా ఇట్లానే చెప్తారు ఖాలా,” అంది. “దూరంగా ఉన్నవాళ్లకి. ఎవరో ఒక పెద్దామె పొద్దున్నే వచ్చి పక్కన కూర్చుంటుంది. బాగా లేదంట అంటుంది. నువ్వు కూడా పొద్దున్నే వచ్చి కూర్చున్నావు.”

కాదు, ఆసుపత్రిలోనే ఉందట అని హుస్సేనమ్మ అప్పుడైనా గట్టిగా అని ఉండవచ్చు. అనలేదు. ఎందుకంటే ఆమె కూడా నమ్మడం లేదు. పిల్ల తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యితో ఇద్దరి మధ్యా విషయం ముగిసిపోయింది.

“నీ ఫోన్ అడుగుదామా, నంబరు దాంట్లోనే కదా ఉండాది? నేను అడుగుతా, యెట్ల ఇయ్యరో చూస్తా.”

“వద్దు. అన్న గొంతు వింటే నా కాళ్లు పనిచెయ్యవు. రేపు పరిగెత్తాక.” మళ్లీ అంది: “ఇప్పుడు పరిగెత్తకపోతే ఆ మూడేళ్లు కూడా పోతాయి. ఆమె మాట్లాడకుండా ఉన్న మూడేళ్లు.”

కాళ్లు తీసి తుడుచుకుంది. పాదాల చర్మం పాలిపోయి ఉంది. ఇంట్లోకి వెళ్లి సన్నని తెల్ల శాలువా కప్పుకుని వచ్చి, మంచం మీద కాకుండా నేల మీద కూర్చుంది. గట్టిగా ఏడవలేదు. ముందు పెట్టినది సగం తిన్నది, బాగుందని మాత్రం అనలేదు. హుస్సేనమ్మ ఆ పూటంతా ఆమె దగ్గరే కూర్చుని మోకాళ్లకు నూనె రాసింది. బరువు దించుకున్నానని అనుకుంది గానీ, దిగలేదు. ఆ బరువు ఇప్పుడు ఇద్దరి మీదా పడింది.

గురువారం సాయంత్రం దుబాయ్ స్టేడియానికి క్లబ్బు వ్యాన్‌లో హుస్సేనమ్మ కూడా వెళ్లింది. భార్గవ్ ముందు సీట్లో కూర్చుని, ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. పందెం ఐదు వేల మీటర్లది. దీపాలన్నీ వెలిగాయి. మైకులో నూరా అని పేరు చదివి, ఈ దేశం పేరు చదివితే జనం చప్పట్లు కొట్టారు. అయాంతు తల కూడా ఎత్తలేదు.

తుపాకీ పేలింది. అందరూ గుంపుగా కదిలారు. అయాంతు చిట్టచివర, ఎవరో వెనకనుంచి నెడితే నడుస్తున్నదానిలా పోతోంది. చుట్టు మీద చుట్టు పడుతోంది, గుంపుకీ ఆమెకీ మధ్య జాగా పెరుగుతోంది. కోచ్ గీత పక్కన నిలబడి యల్లా, యల్లా అని గొంతు చించుకుంటున్నాడు. హుస్సేనమ్మకు పరుగు గురించి ఏమీ తెలియదు. అయినా ఆ పిల్ల పొద్దున్నే రోడ్డు మీద పరిగెత్తడం కిటికీలోంచి ఎన్నోసార్లు చూసింది. ఇది ఆ పరుగు కాదు. నా నోటి మాటే ఆ కాళ్లకు చుట్టుకుందని ఆమెకు అనిపించింది.

ఇక నాలుగైదు చుట్లు ఉన్నాయనగా ఏమైందో, అయాంతు తల ఎత్తింది. ఒకరిని దాటింది. ఇంకొకరిని దాటింది. జనం లేచి నిలబడ్డారు. హుస్సేనమ్మ రెండు చేతులతో ముందు కుర్చీ పట్టుకుంది. మరీ ఆలస్యమైపోయింది. ముగ్గురూ అప్పటికే గీత దాటేశారు, తర్వాత ఇంకో ఇద్దరు. అయాంతు ఆరో మనిషిగా వచ్చి, నడుము వంచి మోకాళ్ల మీద చేతులు ఆన్చి నిలబడిపోయింది. కోచ్ ఆమె వైపు రాకుండా టోపీ తీసుకుని వెళ్లిపోయాడు.

బయట వ్యాన్ దగ్గర భార్గవ్ జేబులోంచి అయాంతు ఫోన్ తీసి పట్టుకుని ఉన్నాడు. హుస్సేనమ్మను పక్కకు పిలిచాడు.

“మీరే చెప్పండమ్మా. ఈ పని నా వల్ల కాదు.”

“చెప్పేసినా సార్. నిన్న పొద్దన్నే.”

భార్గవ్ నోరు తెరుచుకుని చూశాడు. “నిన్ననా? ఎంత పని చేశారండీ! అందుకే కదా అలా పరిగెత్తింది. ముదీర్‌కి ఏం చెప్పను? ఆ పిల్ల బతుకు...”

“నా మాదిరి ఆ పిల్లకు కాగూడదనుకున్యా. నన్ను పంపించెయ్యమను, పోతా. ఆ పిల్లనేమీ అనొద్దు.”

అయాంతు వచ్చింది. బనియన్ మీదే తెల్ల శాలువా కప్పుకుంది. చెయ్యి చాపితే భార్గవ్ ఫోన్ ఇచ్చి తల దించుకున్నాడు. ఆమె వ్యాన్ మెట్టు మీద కూర్చుని, ఊపిరి తీసుకుని, ఫోన్ వెలిగించింది. నంబరు వెతికే పని కూడా లేకపోయింది. అది వెంటనే మోగింది, అన్న వీడియో కాల్.

“ఆయ్యో!” అంది అయాంతు. అంటూనే లేచి నిలబడింది.

పోయిన తల్లిని తలుచుకుని ఏడుస్తోందనుకుని హుస్సేనమ్మ దగ్గరికి పరిగెత్తింది. ఫోన్లోంచి ఒక ఆడగొంతు వినిపించింది. బొంగురుగా, కోపంగా, ఆగకుండా. తెర మీద ఇనప మంచం, సెలైన్ సీసా, దాని కింద దిండుకు ఆనుకుని ఒక పెద్దామె. చెయ్యి ఊపుతుంటే సెలైన్ పైపు కూడా ఊగుతోంది.

“ఎవరండీ ఆవిడ?” అన్నాడు భార్గవ్.

హుస్సేనమ్మ వ్యాన్ మెట్టు మీద కూలబడింది. అయాంతు ఏడుస్తోంది, నవ్వుతోంది, అడ్డం వచ్చి మాట్లాడుతోంది. ఫోన్లో ఆమె వినిపించుకోవడం లేదు. మూడేళ్ల మాటలు కదా, తొందరగా తెమలవు.

కాసేపటికి అయాంతు ఇటు తిరిగింది. “పిత్తాశయంలో రాయి తీశారట ఖాలా. ఆపరేషన్ గదిలోకి తీసుకుపోతుంటే భయమేసి, ముందు నా కూతురితో మాట్లాడాలి అందట. మళ్లీ మళ్లీ ఫోన్ చేశారట. ఎవరూ ఎత్తలేదట.”

“నేనే ఎత్తలేదు,” అన్నాడు భార్గవ్, తెలుగులో, హుస్సేనమ్మకు వినబడేలా మాత్రమే. “ఏడుపు వినాల్సొస్తుందని.”

“వాళ్లు నిజం చెప్పినారు సార్,” అంది హుస్సేనమ్మ. “మనమే నమ్మలేదు.” తర్వాత అయాంతు చెయ్యి పట్టుకుంది. “నీ పందెం నా వల్ల పోయింది బిడ్డా. నన్నేమన్నా అను.”

అయాంతు స్టేడియం వైపు ఒకసారి చూసింది. లోపల ఇంకో పందేనికి తుపాకీ పేలింది, జనం అరుస్తున్నారు. ఆసియా పోటీలు ఇక లేవు, ఒప్పందమూ ఉండదు. ఆ సంగతి ఆమె ముఖంలో కనిపించింది, దాచుకోలేదు. కానీ హుస్సేనమ్మ చెయ్యి మాత్రం వదల్లేదు.

ఫోన్లో పెద్దామె మళ్లీ ఏదో అడిగింది. ఆమె ఇంకోసారి అడిగింది, గట్టిగా.

“యేమంటాంది?” అంది హుస్సేనమ్మ.

“పందెం అంతా అన్న ఫోన్లో చూసిందట. ఆ రంగు నీకు నప్పలేదు అంటోంది. మొదట్లో అట్లా శవం వెనకాల నడిచినట్టు నడిచావేం, ఎవరు పోయారు అని అడుగుతోంది.” అయాంతు ఫోన్ తెచ్చి హుస్సేనమ్మ ముఖానికి ఎదురుగా పెట్టింది. “నువ్వే చెప్పు ఖాలా.”

తెరలో పెద్దామె కళ్లు చిట్లించి, ఈ కొత్త మనిషి ఎవరా అని చూస్తోంది. హుస్సేనమ్మకు అరబీ అంతా మరిచిపోయినట్టయింది.

“పోయింది నువ్వే తల్లీ,” అంది తెలుగులో.